ఫిజిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?



ఈసారి గోడ పత్రికకు సైన్సు వ్యాసం నువ్వే రాయాలి అని తెలుగు మాస్టారు నా పేరు రాసేసుకున్నారు. కథా, కవితా నాకు రావు. కాబట్టి నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి రాస్తున్నాను. ఫస్టియర్ అర్ధసంవత్సర పరీక్షలో ఫిజిక్సులో నాకు 60కి 13 మార్కులు వచ్చాయి. ఎవరికీ చెప్పకుండా దాచుకోవాల్సిన సంగతే అది. అయినా దాని గురించే రాస్తున్నాను. ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

నేను పదో తరగతిలో ఉండగా, 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. మెస్ హాలులో టీవీ ముందు అందరం నేలమీద కూర్చుని చూశాం. విక్రమ్ దిగగానే చప్పట్లు, ఈలలు. ఆ రాత్రే నిర్ణయించుకున్నా, ఎం.పి.సి. తీసుకోవాలని, అంతరిక్షం గురించి చదవాలని. ఉత్సాహం అంటే ఎలా ఉంటుందో నాకు ఆరోజు తెలిసింది. ఆ ఉత్సాహం ఎన్నాళ్లుంటుందో తర్వాత ఏడాది తెలిసింది. అక్టోబరు దాకా కూడా లేదు.

ఏం జరిగిందంటే, ఫస్టియరులో చేరిన నెలకే నాకు మలేరియా వచ్చింది. పదహారు రోజులు ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ పదహారు రోజుల్లో క్లాసులో సదిశలు, అంటే వెక్టర్లు, అయిపోయాయి. తిరిగి వచ్చాక పక్క మంచం వాడి నోట్సు తీసుకుని మొత్తం ఎక్కించుకున్నాను. హెడ్డింగులు ఎర్ర ఇంకు, సూత్రాలు ఆకుపచ్చ ఇంకు, చుట్టూ గీతలు. అంత అందమైన నోట్సు క్లాసులో ఇంకెవరికీ లేదు. కానీ అందులో ఒక్క లెక్క కూడా నేను చేసింది కాదు.

అప్పటి నుంచి ప్రతి పాఠమూ కొండ అయిపోయింది. ప్రక్షేపకాలు అర్థం కాలేదు. వృత్తాకార చలనం అర్థం కాలేదు. గురుత్వాకర్షణ దగ్గరికి వచ్చేసరికి సూత్రాలు బట్టీ పట్టడం తప్ప వేరే దారి కనిపించలేదు. నేను తెలివి తక్కువవాణ్ణి కాబోలు అనుకున్నాను. మార్కులు చూశాక ఇంకా గట్టిగా అనుకున్నాను. టి.సి. ఇప్పించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ కూడా రాసి పెట్టెలో పెట్టుకున్నా. ఇంటికెళ్తే నాన్నకి కాఫీ తోటలో సాయం చెయ్యొచ్చు, పిప్పళ్లు కొయ్యొచ్చు. ఇంట్లో వద్దనేవాళ్లు లేరు.

సంక్రాంతి సెలవులకు ముందురోజు ఫిజిక్స్ మాస్టారు నన్ను పిలిచి జవాబు పేపరు ముందు పెట్టారు. తిడతారనుకున్నా. ఆయన ఒకే ప్రశ్న అడిగారు: "నీకు అన్నిటికన్నా దేని గురించి తెలుసుకోవాలనుంది?" ఉపగ్రహం కింద పడకుండా ఎలా తిరుగుతోంది సార్ అన్నాను. "అయితే అది తెలియాలంటే దానికి ముందు ఏం తెలియాలో రాయి. దానికి ముందు ఏం తెలియాలో దాని కింద రాయి. నీకు తెలిసినది వచ్చేదాకా కిందికి పోతూనే ఉండు" అన్నారు.

ఒక తెల్లకాగితం తీసుకుని పైన 'ఉపగ్రహం' అని రాశాను. దాని కింద గురుత్వాకర్షణ, వృత్తాకార చలనం. వృత్తాకార చలనం కింద త్వరణం. వేగం దిశ మారినా త్వరణమే అని తెలియాలంటే వెక్టర్లు రావాలి. వెక్టర్లకు సైన్, కాస్ రావాలి. అవి నాకు పదో తరగతిలోనే వచ్చు! చెట్టు తలకిందులుగా గీసినట్టు, వేళ్లు అన్నీ వచ్చి ఒకేచోట కలిశాయి. వెక్టర్ల దగ్గర. నేను ఇంటి దగ్గర జ్వరంతో పడుకున్న ఆ పదహారు రోజుల దగ్గర.

అంటే అన్ని పాఠాలూ రాకపోవడం కాదు, ఒక్క పాఠం రాలేదు. మిగతావన్నీ దానిమీద కట్టిన గోడలు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు మార్కులు వచ్చినంత సంతోషం కలిగింది. టి.సి. అర్జీ వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని దానిమీదే మొదటి వెక్టర్ లెక్క చేశాను.

ఇంకో చిక్కు భాష. ఇంట్లో మనం మాట్లాడేది ఒకటి, బడిలో తెలుగు, ఇంటర్ పుస్తకంలో ఇంగ్లీషు. స్పీడు, వెలాసిటీ రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. తెలుగు అకాడమీ పుస్తకంలో స్పీడుకు వడి అనీ, వెలాసిటీకి వేగం అనీ ఉంది. మామూలు మాటల్లో రెండూ ఒకటే అంటాం. ఫిజిక్సులో కాదు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు 30 కిలోమీటర్ల మీదే తిరిగితే దాని వడి మారలేదు, వేగం మారింది, ఎందుకంటే దిశ మారింది. వేగం మారితే త్వరణం ఉన్నట్టే. త్వరణం ఉంటే బలం ఉండాలి. అందుకే మలుపులో మనం పక్కవాడి మీద పడతాం. ఈ ఒక్క మాట తేడా తెలియక నేను వృత్తాకార చలనం మొత్తం పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి నోటు పుస్తకం చివరి నాలుగు పేజీల్లో మాటల పట్టిక పెట్టాను. ఒక గడిలో ఇంగ్లీషు మాట, ఒక గడిలో తెలుగు మాట, మూడో గడిలో మన ఊరి ఉదాహరణ. మూడో గడి నింపలేకపోతే ఆ మాట నాకు రానట్టే.

ఇప్పుడు ఉపగ్రహం సంగతి. ఇది కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను బడిలో ఉంచింది ఇదే.

మన కొండ అంచున నిలబడి ఒక రాయిని ఊరికే వదలండి. మొదటి సెకనులో అది 4.9 మీటర్లు పడుతుంది. ఇంకో రాయిని నేలకు సమాంతరంగా విసరండి. అది దూరంగా పోతుంది కానీ, మొదటి సెకనులో అదీ 4.9 మీటర్లే కిందికి దిగుతుంది. ఎంత గట్టిగా విసిరినా అంతే (గాలి అడ్డు లెక్క పెట్టకపోతే). పక్కకి పోవడం వేరు, కిందికి పడడం వేరు. వెక్టర్ల పాఠం అంతా ఈ ఒక్క ముక్కే.

అయితే భూమి గుండ్రంగా ఉంది కదా. మనం తిన్నగా ముందుకు పోతే నేల మన కాళ్ల కింద నుంచి కొంచెం కొంచెం దిగిపోతూ ఉంటుంది. ఎంత దూరం పోతే నేల 4.9 మీటర్లు దిగుతుంది? దీనికి పైథాగరస్ చాలు. పోయిన దూరం వర్గాన్ని భూమి వ్యాసంతో భాగిస్తే నేల ఎంత దిగిందో వస్తుంది. భూమి వ్యాసార్థం 6,400 కి.మీ. అనుకుంటే వ్యాసం 12,800 కి.మీ. 4.9 మీటర్లు అంటే 0.0049 కి.మీ. రెండూ గుణిస్తే 62.72. దాని వర్గమూలం 7.92.

అంటే సెకనుకు 7.92 కిలోమీటర్ల వేగంతో రాయి విసిరితే, ఒక సెకనులో రాయి 4.9 మీటర్లు పడుతుంది, నేల కూడా 4.9 మీటర్లు దిగుతుంది. రాయికీ నేలకీ మధ్య దూరం మారదు! మరుసటి సెకనూ అంతే. ఉపగ్రహం పడకుండా ఉండడం లేదు. అది ఎప్పుడూ పడుతూనే ఉంది, నేలే దానికి అందడం లేదు. న్యూటన్ కొండమీద ఫిరంగి బొమ్మ వేసి చెప్పింది ఇదే.

ఈ లెక్క చేసినప్పుడు రాత్రి స్టడీ అవర్ అయిపోయి లైట్లు ఆర్పేశారు. నేను వరండా బల్బు కింద నిలబడి చేశాను. పుస్తకంలో ఉన్న రూట్ జి.ఆర్. సూత్రం నేను ఎప్పుడో బట్టీ పట్టాను. అందులో 9.8నీ 64 లక్షల మీటర్లనీ వేస్తే అదే 7.92 వస్తుంది. పరీక్షలో ఆ సూత్రం రాసి ఒక మార్కు తెచ్చుకున్నవాణ్ణే నేను. కానీ ఆ సూత్రం ఏం చెబుతోందో ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

ఆ తర్వాత నోటు పుస్తకం పద్ధతి మార్చేశాను. రంగు ఇంకులు మానేశా. రెండు వందల పేజీల పుస్తకం ఒకటే, అదే రఫ్, అదే ఫేరు. ప్రతి పేజీ మీద తేదీ. తప్పు చేస్తే పేజీ చింపకూడదు, కొట్టేసి పక్కన తప్పు ఎక్కడ చేశానో ఒక్క వాక్యం రాయాలి. మొదటి నెల చూస్తే నా తప్పుల్లో సగం ప్రమాణాలవే: కిలోమీటర్లని మీటర్లు చెయ్యకపోవడం, నిమిషాలని సెకన్లు చెయ్యకపోవడం. ఫిజిక్స్ రాకపోవడం కాదది, అజాగ్రత్త. అది తెలిశాక ప్రతి మెట్టులోనూ అంకె పక్కన ప్రమాణం రాయడం అలవాటు చేసుకున్నా. టైంటేబులు మాత్రం నాకు ఎప్పుడూ అచ్చిరాలేదు. గోడకు అంటించిన టైంటేబులు వారంలో పాతబడుతుంది. దాని బదులు పొద్దున్న అయిదు గంటల స్టడీకి కూర్చోగానే చెయ్యడానికి ఒక్క లెక్క ముందురోజు రాత్రే రాసిపెట్టుకుంటాను. నిద్రకళ్లతో ఏం చదవాలా అని పుస్తకాలు తిరగేసే అరగంట మిగులుతుంది. ఆదివారం సాయంత్రం ఆ వారం తప్పులు మళ్లీ చేస్తాను. అంతే, ఇంతకన్నా పెద్ద ప్రణాళిక నా దగ్గర లేదు.

ఇక ఉత్సాహం. అది ఉన్నప్పుడే చదువుతానంటే కుదరదు. మెస్‌లో టీవీ చూసిన రోజులు రెండు ఉంటే, మామూలు రోజులు రెండు వందలు ఉంటాయి. కానీ మనకి ఒక వరం ఉంది. కరెంటు పోతే పట్నం పిల్లలకు చీకటే మిగులుతుంది, మనకి ఆకాశం మిగులుతుంది. డాబా మీదికి వెళ్తే పాలపుంత కూడా కనిపిస్తుంది. వార్డెన్ గారి అనుమతితో ఒక నెల చంద్రోదయం రాసుకున్నాను. రోజురోజుకీ ఆలస్యంగా వస్తాడు కదా, ఎంత ఆలస్యం? ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి 29.5 రోజులు. అన్ని రోజుల్లో చంద్రుడు ఒక రోజంతా వెనకబడతాడు. 1,440 నిమిషాలని 29.5తో భాగిస్తే దాదాపు 49 నిమిషాలు. నా పుస్తకంలో ఒక్కోరోజు 40, ఒక్కోరోజు 60 వచ్చింది, కొండ అడ్డం కూడా ఉంది. సగటు తీస్తే దగ్గరికే వచ్చింది.

చుక్కలు అలా కాదు, అవి రోజూ ముందుకొస్తాయి. మా నాయనమ్మ పిల్లలకోడిని చూసి రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పేది. పిల్లలకోడి అంటే కృత్తికలు. అది రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా పొడుస్తుంది, నెలకు రెండు గంటలు. ఎందుకంటే చుక్కలను బట్టి చూస్తే భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలే. ఇది గుర్తుపెట్టుకోండి, కింద పని ఉంది.

టీవీ ఉపగ్రహాలు భూమితోపాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తాయి. డిష్ గొడుగు కదపనక్కర లేదు అందుకే. అవి ఎంత ఎత్తులో ఉండాలి? పుస్తకంలో 35,786 కి.మీ. అని ఉంది. నేను దాన్ని చంద్రుడి నుంచి రాబట్టాలనుకున్నాను. కెప్లర్ మూడో సూత్రం ప్రకారం, చుట్టు తిరిగే కాలం వర్గం దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. చంద్రుడు 3,84,400 కి.మీ. దూరంలో 27.3 రోజులకు ఒకసారి తిరుగుతాడు. మన ఉపగ్రహం ఒక రోజుకు తిరగాలి. లాగ్ టేబుల్సు తీసి 27.3కి చూస్తే 1.4362. అందులో మూడింట రెండు వంతులు 0.9575. యాంటీలాగ్ 9.068. చంద్రుడి దూరాన్ని దానితో భాగిస్తే 42,391 కి.మీ. ఇది భూమి కేంద్రం నుంచి. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 తీసేస్తే 36,013 కి.మీ.

పుస్తకం కన్నా 227 కి.మీ. ఎక్కువ. లెక్క తప్పనుకుని రెండుసార్లు చేశా, అదే వచ్చింది. మాస్టారికి చూపిస్తే నవ్వి, "తేడా వచ్చిందా? చాలా మంచిది. ఎందుకొచ్చిందో వెతుకు" అన్నారు. వారం పట్టింది. ఒక కారణం పిల్లలకోడి దగ్గరే దొరికింది: రోజు అంటే 24 గంటలు వేశాను, 23 గంటల 56 నిమిషాలు వెయ్యాలి. అది సరిచేస్తే 35,934కు దిగింది. రెండో కారణం మాస్టారే చెప్పారు. చంద్రుడు బరువు లేనివాడేం కాదు, అతనూ భూమిని లాగుతాడు, కాబట్టి ఇద్దరి ద్రవ్యరాశులూ కలిపి వెయ్యాలి. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతు. అదీ కలిపితే 35,760 వచ్చింది. తేడా 26 కి.మీ. నాలుగంకెల లాగ్ టేబుల్సుతో ఇంతకన్నా ఆశ పడకూడదు.

కెప్లరుకూ ఇలాంటి తేడాయే వచ్చింది. టైకో బ్రాహీ అనే ఆయన దూరదర్శిని లేని కాలంలో ఏళ్ల తరబడి గ్రహాల స్థానాలు కొలిచి రాసిపెట్టాడు. 1601లో ఆయన పోయాక ఆ లెక్కలు కెప్లర్ చేతికి వచ్చాయి. కుజుడి దారి గుండ్రం అనుకుని కెప్లర్ లెక్క కట్టాడు. 8 నిమిషాల తేడా వచ్చింది. గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు. పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు, అంతే. ఇంకొకరైతే పోనీలే అనేవారు. టైకో అంత తప్పుగా కొలిచి ఉండడని నమ్మి, కెప్లర్ తన లెక్కంతా పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. కుజుడి దారి దీర్ఘవృత్తం అని 1609లో పుస్తకం వేశాడు. మూడో సూత్రం 1619లో అచ్చయింది. తేదీ వేసి దాచిన పాత పేజీలు లేకపోతే ఇదేమీ లేదు.

మన పక్క ఒడిశాలోనే పఠాని సామంత అని ఒకాయన ఉండేవాడు (1835–1904). ఖండపడా సంస్థానం ఆయనది. వెదురు గొట్టాలు, కర్రలతో పరికరాలు తనే చేసుకుని ఏళ్ల తరబడి గ్రహాలు కొలిచాడు. ఆయన తాటాకుల మీద రాసిన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. వెదురుకు మన దగ్గర ఏం కొరత? మేం ముగ్గురం కలిసి ఒక వెదురు గొట్టం, కోణమానిని, దారానికి కట్టిన రాయి పెట్టి ధ్రువనక్షత్రం ఎత్తు కొలిచాం. 18 డిగ్రీల దగ్గర వచ్చింది. మన ఊరి అక్షాంశం కూడా అంతే. పరికరం సైన్సు గది బీరువా మీద ఉంది.

ఓటముల సంగతి కూడా రాయమన్నారు మాస్టారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు చంద్రుడి మీద కూలిపోయింది. అది ఎక్కడ తప్పిందో ఒక్కొక్కటీ చూసి, కాళ్లు గట్టిగా చేసి, ఇంధనం ఎక్కువ పెట్టి చంద్రయాన్-3 పంపారు. నేను చూసి ఈలవేసింది వాళ్ల తప్పుల పుస్తకాన్నన్నమాట. (శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు యానాదులు ఉండేవారు. మనవాళ్లే. అక్కడికి మనవాళ్లు ఇంజనీర్లుగా వెళ్తే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.)

దారి అడిగేవాళ్లకి క్లుప్తంగా: తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో యువికా అనే కార్యక్రమం మొదలుపెట్టింది. తొమ్మిదివాళ్లు ప్రకటన కోసం చూస్తూ ఉండండి. తిరువనంతపురంలో 2007లో పెట్టిన అంతరిక్ష విద్యాసంస్థలో బి.టెక్. సీటు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ మార్కులతో వస్తుంది. అది రాకపోయినా బి.ఎస్సీ. ఫిజిక్స్ ఉంది. డిప్లొమా, ఐ.టి.ఐ. చదివినవాళ్లనీ ఇస్రో తీసుకుంటుంది. రాకెట్టుకు వెల్డింగు చేసేవాళ్లూ కావాలి కదా.

ఇప్పుడు నా పక్క మంచం వాడి సంగతి. నేను నోట్సు ఎక్కించుకున్నది వాడిదే. లెక్కల్లో నాకన్నా చాలా మేలు. ఆ సంక్రాంతికి నేను టి.సి. అర్జీతో ఇంటికి వెళ్లాను, వాడు ఏ అర్జీ లేకుండా వెళ్లాడు. నేను తిరిగి వచ్చాను, వాడు రాలేదు. వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేదట. వాడు దిగువకు కూలిపనికి వెళ్లిపోయాడు. ఐదు నెలలు ఆ మంచం ఖాళీగా ఉంది. నాకు వార్షిక పరీక్షలో ఫిజిక్సుకు 60కి 43 వచ్చాయి. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన వాడు లేడు.

జూనులో వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు ఫస్టియరులోనే మళ్లీ చేర్చుకున్నారు. ఇప్పుడు నాకు ఒక ఏడాది జూనియరు. నన్ను అన్నా అని పిలిచి ఏడిపిస్తాడు. వచ్చిన మొదటి రాత్రి అడిగాడు, "ఒరేయ్, అంతా మర్చిపోయాను. ఫిజిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలిరా?" నేను తెల్లకాగితం ఇచ్చి, నీకేం తెలుసుకోవాలనుందో పైన రాయమన్నాను. వాడు చాలాసేపు ఆలోచించి 'బోరింగు మోటారు' అని రాశాడు. కింద కరెంటు, అయస్కాంతం, దాని కింద బలం, ఆ కింద వెక్టర్లు. మళ్లీ వెక్టర్లే!

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వేపచెట్టు కింద మేమిద్దరం కూర్చుంటున్నాం. ప్రస్తుతం వెక్టర్ల మూడో అభ్యాసంలో ఉన్నాం. ఫస్టియర్ వాళ్లు, పదో తరగతి వాళ్లు ఎవరైనా రావచ్చు. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. నా తప్పుల పుస్తకం లైబ్రరీ బల్ల మీద పెట్టాను. చూసుకోండి కానీ, దయచేసి పేజీలు చింపకండి. ఇంకా 61 పేజీలు ఖాళీగా ఉన్నాయి, అవి నాకు కావాలి.

— సీనియర్ ఇంటర్, ఎం.పి.సి.